కొలిమి ఆర్పిన ఈనస్ బర్డిక్

బానిసత్వాన్ని రద్దు చెయ్యాలనేవాళ్లంటే ఈనస్ బర్డిక్‌కు ఒళ్లుమంట. ఆయన కథ ఇక్కడి నుంచే మొదలుపెట్టాలి. ఎందుకంటే ఆయన పోయాక మా ఆల్డర్ క్రీక్ వాళ్లు ఆయన్ను పుట్టుకతోనే పుణ్యపురుషుడిని చేసేశారు. నాకు తెలిసిన ఈనస్ అలాంటివాడు కాదు. బానిసత్వం లేని ఒహాయో రాష్ట్రంలో మా చిన్న ఊరికి ఆయనొక్కడే కమ్మరి. గుర్రాలకు లాడాలు కొట్టేవాడు, నాగలి కర్రులు సాగగొట్టేవాడు, పని మధ్యలో పత్రిక చదివి దాన్ని ఇనుము పెట్టి కొట్టే దాగలి దిమ్మ మీదికి విసిరేవాడు.

నా పేరు కెటూరా. కెంటకీలో ప్రూయిట్ అనే ఆసామి పొగాకు పొలాల్లో బానిసగా పుట్టాను. ఇరవై రెండో ఏట పారిపోయి, నది దాటి, ఉత్తరంగా నడిచి నడిచి 1844లో ఈ ఊరు చేరాను. ఇక్కడ బట్టలుతికి, ఇస్త్రీ చేసి బతికేదాన్ని. నేను ఎక్కడి నుంచి వచ్చానో అందరికీ తెలుసు. ఎవరూ అడిగేవారు కారు.

ఆరేళ్లు అలాగే గడిచాయి. 1850లో దేశపు చట్టసభ కాంగ్రెస్ కొత్త చట్టం చేసింది. పారిపోయిన బానిస ఏ రాష్ట్రంలో ఉన్నా పట్టుకుని యజమానికి అప్పగించాలి. పట్టుకునే అధికారి సాయం అడిగితే దారినపోయే మనిషైనా సరే సాయం చెయ్యాలి, లేకపోతే జైలు. దక్షిణాది వాళ్లు దేశం విడిచిపోతామని బెదిరిస్తే, వాళ్లను ఊరుకోబెట్టడానికి ఉత్తరాది పెద్దలు ఒప్పుకున్న బేరం అది.

ఆ వారంలోనే నా ఇస్త్రీపెట్టె పిడి ఊడిపోయి ఈనస్ దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన తల వంచి పిడి బిగిస్తూ అన్నాడు.

"ఏమ్మా కెటూరా, నీ మీద నాకేం కోపం లేదు. అది నీకు తెలుసుగా?"

"తెలుసు బర్డిక్ గారూ."

"కానీ చట్టం చట్టమే. ఈ గొడవ ఇంతటితో ఆగకపోతే దేశం రెండు ముక్కలైపోద్ది. నా తమ్ముడు మిస్సోరీలో ఉన్నాడు. రేపు వాడి మీదికి తుపాకీ ఎత్తాలా నేను?"

"మరి నన్ను పట్టుకోడానికొస్తే ఏం చేస్తారు?"

ఆయన పెట్టెను ఇటూ అటూ తిప్పి చూశాడు. "నా పని నేను చేసుకుంటా. చూడను," అన్నాడు.

నాకు కోపం రాలేదు. చూడకుండా ఉండడమే అప్పట్లో నాకు పెద్ద ఉపకారం. కొంతమంది చూసి పట్టివ్వడానికే డబ్బు తీసుకునేవాళ్లు.

తమ్ముడి పేరు లెమ్యుయెల్. అన్నదమ్ములిద్దరూ ఒకే కొలిమి దగ్గర పెరిగారు. లెమ్యుయెల్ మిస్సోరీకి పోయి, జనపనార పొలం వేసి, ఇద్దరు బానిసలను కొన్నాడు. నెలకొక ఉత్తరం రాసేవాడు. ఈనస్ దాన్ని కొలిమిలో అందరికీ చదివి వినిపించేవాడు. ఎప్పుడూ పక్కనే కూర్చుని వినే మనిషి పిండిమిల్లు హైరమ్ స్టోడార్డ్. ఆయన ఈనస్‌కు చిన్ననాటి స్నేహితుడు. రద్దువాదులను తిట్టడంలో ఈనస్ కంటే నాలుగాకులు ఎక్కువే చదివాడు.

1854లో ఇంకో చట్టం వచ్చింది. కాన్సస్ అనే కొత్త ప్రాంతంలో బానిసత్వం ఉండాలో వద్దో అక్కడ స్థిరపడినవాళ్లే ఓటు వేసి తేల్చుకోవచ్చట. ముప్ఫై ఏళ్లుగా ఆ వైపు బానిసత్వం రాకూడదని గీసిన గీతను ఒక్క సంతకంతో చెరిపేశారు. మరుసటి వసంతంలో లెమ్యుయెల్ నుంచి ఉత్తరం వచ్చింది. బట్టల మూటతో నేను కొలిమి ముందు నిలబడి ఉన్నాను కాబట్టి నా చెవులతో విన్నాను. "మేం రెండొందల మందిమి సరిహద్దు దాటి కాన్సస్ పోయి ఓటేసి వచ్చాం. ఓట్ల పెట్టె దగ్గర కూర్చున్నవాడు నీ ఊరేదని అడిగితే పిస్తోలు చూపించాం. భలే సరదాగా గడిచింది అన్నయ్యా," అని ఈనస్ చదివి, ఆగిపోయాడు.

"ఏంటి ఆగావ్? చదువు," అన్నాడు హైరమ్.

"వాడు అక్కడ ఉండడే. వాడికి ఓటెక్కడిది?"

"రద్దువాదులు మాత్రం తూర్పు నుంచి జనాన్ని బళ్లకెత్తి దింపట్లేదా?"

"దింపితే అక్కడే కాపురం పెడుతున్నారురా. మావాడు ఓటేసి సాయంత్రానికి ఇంటికొచ్చి భోంచేశాడు." ఈనస్ ఉత్తరం మడిచి నడుముకు కట్టుకున్న తోలు గుడ్డ జేబులో పెట్టుకున్నాడు. ఆ తర్వాత తమ్ముడి ఉత్తరాలు కొలిమిలో చదవలేదు.

ఆ సెప్టెంబరులో నా కోసం వచ్చారు.

ముసలి ప్రూయిట్ చనిపోయి, కొడుకు ఆస్తి పంచుకుంటూ నా పేరు కూడా జాబితాలో వెతికాడని తర్వాత తెలిసింది. మధ్యాహ్నం రెండు గంటలు దాటి ఉంటుంది. పెరట్లో దుప్పట్లు ఆరేస్తున్నాను. ప్రభుత్వపు పోలీసు డిప్యూటీ ఒకడు, కెంటకీ మనుషులు ఇద్దరు కంచె దాటి వచ్చారు. నా బానిసనాటి పాతపేరుతో పిలిచారు. ఆ పేరు విని పదకొండేళ్లయింది, అయినా ఒళ్లు దానంతటదే తిరిగింది. అదే నా తప్పయింది.

ఊరికే దొరకలేదు నేను. వాళ్లు చేతులకు బేడీ వేస్తుంటే పెరటి పొయ్యి మీది ఇస్త్రీపెట్టె లాగి ఆ తాళం మీద బలంగా కొట్టాను. తాళం పగిలింది. ఒకడి బొటనవేలు కూడా. వాడు మూలుగుతుంటే మిగతా ఇద్దరూ నన్ను తాళ్లతో కట్టారు. రైలు స్టేషను నలభై మైళ్లు. తాడు కొరికేస్తానని, బండి మీంచి దూకేస్తానని వాళ్లకు అర్థమైంది. ఇనుము కావాలి. ఇనుముంటే కమ్మరి కావాలి. అలా నన్ను ఈనస్ కొలిమికి ఈడ్చుకొచ్చారు.

హైరమ్ మిల్లు గుర్రానికి లాడం కొడుతున్నాడు ఈనస్. హైరమ్ గుమ్మంలో మొద్దు మీద కూర్చుని ఉన్నాడు.

"ఈ బేడీ తాళం పోయింది," అన్నాడు డిప్యూటీ. "మేకు దిగ్గొట్టి మణికట్టుకి బిగించెయ్. ఊడి రాకూడదు. ఎంతసేపు?"

ఈనస్ గుర్రం కాలు దింపాడు. బేడీ తీసుకుని వెలుతురులో చూశాడు. "పావుగంట," అన్నాడు.

ఆయన బేడీని నిప్పుల్లో పెట్టి తిత్తి ఊదాడు. నా వైపు చూడలేదు. అన్న మాట మీదే ఉన్నాడు, చూడడం లేదు. నేను కూడా బతిమాలలేదు. బతిమాలితే ఆయన కాదంటాడేమో, ఆ మాట విని భరించలేననిపించింది.

అయితే ఆయన మంచి పనివాడు. కొలత తీసుకోకుండా ఏ పనీ చెయ్యడు. నా దగ్గరికొచ్చి, తాడు కొంచెం పైకి జరిపి, మణికట్టు చుట్టూ బొటనవేలు, చూపుడువేలు చుట్టి కొలిచాడు. అక్కడ నాకొక పాత మచ్చ ఉంది, ఉంగరంలా చుట్టూ గట్టిపడిన చర్మం. ఆయన వేళ్లు దాని మీద ఆగాయి.

"ఇదెప్పటిది?"

"పద్నాలుగో ఏట పెట్టింది."

"ఎవరు బిగించారు?"

"మీలాగే ఎవరో కమ్మరి, బర్డిక్ గారూ. పేరు తెలీదు. ఆ రోజు అతను కూడా నా మొహం చూళ్లేదు."

ఆయనను పొడవాలని అనలేదు. జరిగిందే చెప్పాను. ఈనస్ అప్పుడు తల ఎత్తి నన్ను చూశాడు. ఎంతసేపు చూశాడో చెప్పలేను. పనిముట్లు చల్లార్చే నీళ్ల తొట్టి పక్కనే ఉంది. రెండు చేతులా ఎత్తి మొత్తం తొట్టిని కొలిమిలో కుమ్మరించాడు.

బుస్సుమని లేచిన ఆవిరితో గది నిండిపోయింది. గుర్రం బెదిరి గుమ్మానికి అడ్డం తిరిగింది.

"ఏంటది!" అని అరిచాడు డిప్యూటీ. "ఏం చేశావ్?"

"కొలిమి ఆరిపోయింది," అన్నాడు ఈనస్. "మళ్లీ రాజెయ్యాలంటే రేపే."

"ప్రభుత్వం పేరున ఆజ్ఞాపిస్తున్నా. చట్టం ప్రకారం సాయం చెయ్యకపోతే జైలుకి పోతావ్."

"పోతాను. ఇన్నేళ్లూ మీరేం చేసినా నేను పక్కకి చూశాను. అది చాల్లేదు మీకు. ఇప్పుడు నా చేత్తో చెయ్యమంటారా? నా సుత్తితో? చెయ్యను పో!"

"హైరమ్ స్టోడార్డ్!" డిప్యూటీకి హైరమ్ పార్టీ తెలుసు, దక్షిణాదిని వెనకేసుకొచ్చే పార్టీ. "నువ్వు మావాడివి కదా. పట్టుకో దీన్ని."

హైరమ్ దగ్గుతూ అన్నాడు, "ఎవర్నయ్యా పట్టుకునేది? ఈ పొగలో నా ముక్కు నాకే కనపట్లేదు."

ఆ రోజు చర్చి ఆవరణలో ఆపిల్ గుజ్జు వండుతున్నారు. అంతా ఆడవాళ్లే, పాతికమంది ఉంటారు. రాగి గుండిగల్లో పొద్దుటి నుంచి నిలువెత్తు తెడ్లతో కలుపుతున్నారు. చర్చి కొలిమికి ఎదురుగానే. ఆవిరి చూసి నిప్పంటుకుందనుకుని తెడ్లతో సహా పరుగెత్తుకొచ్చారు. ముందున్నది ఈనస్ భార్య లోవీసా. లోపలికి తొంగి నన్ను, తాళ్లను, బేడీని చూసింది. మొగుడి మొహం చూసింది. ఆమెకు ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది.

"రండే అందరూ లోపలికి," అంది గట్టిగా. "కొలిమి తగలబడుతోంది."

ఆరిపోయిన కొలిమిని ఆర్పడానికి పాతికమంది ఆడవాళ్లు లోపలికి దూరారు. ఎటు చూసినా గౌన్లు, తెడ్లు, గుజ్జు మరకలు. డిప్యూటీ పిస్తోలు తీశాడు కానీ ఎవరి మీద గురిపెడతాడు? పాస్టరుగారి అత్త ఎనభై ఏళ్ల మనిషి. వాడి ఛాతీకి తెడ్డు ఆనించి, "బాబూ, కొంచెం జరుగుతావా, ఊపిరాడట్లేదు," అంటోంది. లోవీసా చాకుతో నా తాళ్లు కోసింది. తన టోపీ నా తలకు తగిలించి, బొగ్గుల గది తలుపులోంచి బయటికి లాగింది. అక్కడ హైరమ్ పిండిబండి ఇంకో గుర్రంతో నిలబడి ఉంది. హైరమ్ అప్పటికే వీధిలోకి వచ్చి ఆకాశం వైపు చూస్తున్నాడు.

"హైరమ్, నీ బండి..." అంది లోవీసా.

"ఏ బండి?" అన్నాడు ఆయన, మేఘాల్లో ఏదో వెతుకుతూ. "నాకు బండి ఉందని ఎవరన్నారు?"

లోవీసా జన్మలో బండి తోలలేదు. కుడివైపు పగ్గం లాగితే గుర్రం ఎటు పోతుందో నన్నే అడిగింది. దారిలో పిండి బస్తాల మధ్య ఇద్దరం నవ్వాం, ఏడ్చాం, మళ్లీ నవ్వాం. ఉత్తరాన సరస్సు ఒడ్డు చేరాక, చేపల పడవ ఒకటి నన్ను ఆ చట్టం చెల్లని కెనడా వైపు దింపింది. విడిపోయేటప్పుడు "బర్డిక్ గారిని ఏం చేస్తారో," అన్నాను. లోవీసా పెదవి కొరుక్కుంది. "పాతికేళ్లుగా ఈ బానిసత్వం గురించే ఆ మనిషితో వాదిస్తున్నా కెటూరా. ఇవాళ గెలిచాను. జైల్లో పెడితే రొట్టె పట్టుకెళ్తా," అంది.

జైల్లోనే పెట్టారు. డిసెంబరులో విచారణ నాలుగు రోజులు సాగిందట. సాక్షులందరిదీ ఒకటే మాట, ఆవిరిలో ఏమీ కనపడలేదని. బండి సంగతి అడిగితే హైరమ్, "అది నాకు చెప్పకుండానే పోయిందండీ, ఆ గుర్రానికి మొదట్నుంచీ పొగరే," అన్నాడట. ఈనస్ మాత్రం అబద్ధం ఆడనన్నాడు. "తొట్టి చెయ్యి జారిందని చెప్పు, వదిలేస్తారు," అని ప్లీడరు బతిమాలాడు. "జారలేదు. ఎత్తి పోశాను," అన్నాడు. ఆరు నెలలు వేశారు.

ఈ సంగతులన్నీ నాకు లోవీసా ఉత్తరాల్లో తెలిశాయి. మొదటి ఉత్తరం వచ్చినప్పుడు నాకు చదవడం రాదు. నేనుంటున్న కెనడాలోని చాథమ్ ఊళ్లో మాలాంటివాళ్లకు బడి నడిపే ఒకావిడ చదివి పెట్టింది. నా కోసం జైలుకెళ్లిన మనిషి కబురు ఇంకొకరి నోటితో వినడం నచ్చలేదు. ముప్ఫై నాలుగేళ్ల వయసులో పలక పట్టుకుని చిన్నపిల్లల పక్కన కూర్చున్నాను. ఏడాదికి ఉత్తరం నేనే చదివాను, తప్పులతో జవాబు కూడా రాశాను. ఈనస్ నాకు ఇచ్చినవాటిలో చదువు కూడా ఒకటి, ఆయనకు ఆ సంగతి చాలాకాలం తెలియదు.

ఆ ఉత్తరాల్లోనే దేశం ఎలా చీలుతోందో అక్షరం అక్షరం కూడబలుక్కుని చదువుకున్నాను. ఈనస్ జైల్లో ఉండగానే కాన్సస్‌లో బానిసత్వం వద్దన్నవాళ్ల ఊరిని మిస్సోరీ గుంపు దోచి తగలబెట్టింది. లెమ్యుయెల్ ఆ గుంపులో ఉన్నాడు. అదే వారం దేశపు పైసభ సెనేట్ లోపలే, బల్ల దగ్గర కూర్చున్న ఉత్తరాది సభ్యుడిని దక్షిణాది సభ్యుడొకడు చేతికర్రతో నెత్తురోడేలా కొట్టాడు. దక్షిణాది నుంచి అతనికి కొత్త కర్రలు బహుమతిగా పంపారట. ఇది చదివిన రోజు హైరమ్ పత్రిక చింపేసి, "మాట్లాడితే కొడతారా? ఇక మాటలెందుకు?" అన్నాడని లోవీసా రాసింది. పాత పార్టీని ఎన్నడూ వదలని ఆ మనిషి, బానిసత్వం ఇంక పాకకూడదని కొత్తగా పుట్టిన పార్టీకి ఆ శరదృతువులో ఓటేశాడు.

లెమ్యుయెల్ నుంచి జైలుకు ఒకే ఉత్తరం వచ్చింది. "పరాయివాడి సొత్తు దొంగిలించినవాడు నాకు అన్న కాడు," అని. ఈనస్ జవాబు రాశాడు. అది తిరిగొచ్చింది.

1857లో దేశంలోని అతి పెద్ద కోర్టు, నల్లవాళ్లు ఎప్పటికీ ఈ దేశపు పౌరులు కాలేరని తీర్పు చెప్పింది. అది చదివి నేను రెండు రోజులు అన్నం ముట్టలేదు. ఆ తీర్పు మీద ఆల్డర్ క్రీక్‌లో మా చర్చి రెండుగా విడిపోయి, వీధికి అటొకటి ఇటొకటి నిలిచాయి. జైలు నుంచి వచ్చిన ఈనస్ కొలిమికి సగం మంది రావడం మానేశారు, మిగతా సగం అవసరం లేకపోయినా లాడాలు కొట్టించుకున్నారు. లోవీసా ఉత్తరం అడుగున మొదటిసారి ఈనస్ తన వంకర అక్షరాలతో రెండు ముక్కలు రాశాడు. "కెటూరా, దేశం రెండు ముక్కలవుతుందని నీతో అన్నాను. నీవల్ల కాదమ్మా. మేం చూడకపోవడం వల్ల."

ఆ కాగితం మీద తల వాల్చి ఏడ్చాను. ఇంత సూటిగా తప్పు ఒప్పుకున్న మనిషిని నేను అంతవరకు చూడలేదు.

1860 ఎన్నికలు, దక్షిణాది రాష్ట్రాలు ఒక్కొక్కటిగా విడిపోవడం, మరుసటి ఏప్రిల్‌లో అంతర్యుద్ధపు మొదటి ఫిరంగి దెబ్బ, ఇవి అందరికీ తెలిసినవే. ఈనస్‌కు అప్పటికి యాభై దాటాయి. ఉత్తరాది సైన్యంలో గుర్రాలకు లాడాలు కొట్టడానికి వెళ్లాడు. మూడేళ్లు కంచరగాడిదల కాళ్ల దగ్గరే గడిపాడు. అన్నం కంటే తన్నులే ఎక్కువ తిన్నానని రాసేవాడు.

ఉత్తరాది గెలిచి, బానిసత్వం రద్దై, యుద్ధం ముగిసిన ఏడాదికి నేను ఆల్డర్ క్రీక్‌కు తిరిగొచ్చాను. ఇప్పుడు నన్ను పట్టుకునే చట్టం ఏదీ లేదు. పగటిపూట, రైల్లో, కిటికీ పక్కన కూర్చుని వచ్చాను. లోవీసా వీధి మొదట్లోనే కావలించుకుంది. ఈనస్ బాగా చిక్కిపోయాడు, బొగ్గు పొగకు ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి. ఏళ్ల తరబడి దాచుకున్న మాటలు చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఊరుకోమ్మా. ఆ పూట నాకు పని చెయ్యబుద్ధి కాలేదు, అంతే."

"కాదు. వినాలి మీరు. పదకొండేళ్లుగా మోసుకొస్తున్నా ఈ మాట."

"సరే, అన్నం తిన్నాక చెప్పు. లోపల ఇంకొకడున్నాడు." గొంతు తగ్గించాడు. "లెమ్యుయెల్. దక్షిణాది తరఫున పోరాడి పట్టుబడితే, ఖైదీల శిబిరం నుంచి తెచ్చుకున్నా. పొలం లేదు, పెళ్లాం పోయింది. నువ్వు వస్తున్నావని చెప్పాను. పెరటి గదిలో తింటానన్నాడు. నా బల్ల దగ్గర తింటే తిను, లేకపోతే పస్తుండు అన్నాను."

వెళ్లిపోదామా అనిపించింది, ఒక్క క్షణం. బల్ల దగ్గర కూర్చున్న ఆ మనిషికి ఎడమ చేతికి మూడు వేళ్లు లేవు. నా వైపు కన్నెత్తలేదు. లోవీసా మొక్కజొన్న రొట్టె, చిక్కుళ్లు, పంది మాంసం పెట్టింది. ఆ ఇంట్లో ప్రార్థన ఎప్పుడూ ఈనసే చేసేవాడట. ఆ రోజు ఆయాసపడుతూ, "కెటూరా, నువ్వు చెయ్యి," అన్నాడు.

నాకు పెద్ద ప్రార్థనలు రావు. "ప్రభువా," అన్నాను, "ఈ రొట్టెకు వందనం. నీళ్లు పోసిన చేతులకు వందనం. తెడ్లు పట్టుకొచ్చిన ఆడవాళ్లకు, ఏమీ చూడని హైరమ్‌కు, పడవవాడికి, పలక ఇచ్చిన టీచరమ్మకు వందనం. ఈ బల్ల దగ్గర కూర్చున్న అందరినీ ఇంకా బతికించి ఉంచావు, దానికీ వందనం."

లెమ్యుయెల్ ఆమెన్ అనలేదు. నా కంచం తీసుకుని, వేళ్లు లేని చేత్తో అవస్థపడుతూ చిక్కుళ్లు వడ్డించి నా ముందు పెట్టాడు. ఉప్పు సరిపోయిందా అని అడిగాడు. సరిపోయిందన్నాను.

ఈనస్ ఇంకో ఆరేళ్లు బతికాడు. నేను వీధి చివర ఇల్లు తీసుకున్నాను. రోజూ మధ్యాహ్నం వెళ్లి ఆయనకు పత్రిక చదివి వినిపించేదాన్ని. ఎక్కడ తప్పు చదివినా దిద్దేవాడు, ఎక్కడ నచ్చకపోయినా తిట్టేవాడు. దక్షిణాదిలో నల్లవాళ్లు మొదటిసారి ఓటేసిన వార్త చదివిన రోజు, ఆ పేరా మళ్లీ చదవమన్నాడు. చదివాను. ఇంకోసారి అన్నాడు. ఇంకోసారి చదివాను.